పాత సబ్‌డొమైన్‌కు వచ్చినవారిని కొత్త చోటికి పంపేది ఎవరు?

డొమైన్ పేరు మారినప్పుడు, బ్లాగు.పాత.కామ్ అనే సబ్‌డొమైన్‌కు, అంటే పాత.కామ్ అనే డొమైన్ కింద ఉన్న చిరునామాకు, వచ్చేవారందరూ ఇకపై బ్లాగు.కొత్త.కామ్‌కు చేరాలని కోరుకోవడం సహజం. ఆ పని చేతికి వచ్చినవారు చాలాసార్లు ముందుగా తెరిచేది డీఎన్ఎస్ (డొమైన్ పేర్లను యంత్రాల సంఖ్యా చిరునామాలకు జతపరిచే వ్యవస్థ) నిర్వహణ పేజీని. అక్కడ సీనేమ్ అనే రికార్డు కనిపిస్తుంది. ఒక పేరును మరొక పేరుకు ముడివేయడానికే అది ఉంది కాబట్టి, పాత పేరుకు ఎదురుగా కొత్త పేరు రాసి సేవ్ చేస్తే పని ముగిసినట్టే అనిపిస్తుంది. కొంతసేపటి తర్వాత బ్రౌజర్‌లో పాత చిరునామా తెరిచి చూస్తే సర్టిఫికెట్ (సైటు గుర్తింపును రుజువు చేసే డిజిటల్ పత్రం) సరిపోలడం లేదన్న హెచ్చరిక వస్తుంది, లేదా ఏ సంబంధమూ లేని మరొక సైటు తెరుచుకుంటుంది, లేదా సరైన పేజీయే వచ్చినా అడ్రస్ బార్‌లో పాత పేరే అలాగే ఉండిపోతుంది. కోరుకున్న మళ్లింపు మాత్రం జరగదు.

ఇది అశ్రద్ధ వల్ల జరిగే పొరపాటు కాదు. డీఎన్ఎస్ చేసే పనికీ వెబ్ సర్వర్ చేసే పనికీ మధ్య ఉన్న గీత నిర్వహణ పేజీల్లో ఎక్కడా కనిపించదు. ఆ గీత ఎక్కడుందో ఒకసారి తెలిస్తే, మళ్లింపులో ఎదురయ్యే చిక్కుల్లో చాలా వాటికి కారణం దానంతట అదే తెలిసిపోతుంది.

డీఎన్ఎస్‌కు వచ్చే ప్రశ్న చాలా చిన్నది: ఈ పేరు గల యంత్రం ఏ ఐపీ చిరునామాలో ఉంది? దానికి అది ఒక సంఖ్యను జవాబుగా ఇస్తుంది, అంతటితో దాని పాత్ర ముగుస్తుంది. అడిగినవారు వెబ్ పేజీ కోసం అడిగారో, మరేదైనా సేవ కోసం అడిగారో దానికి తెలియదు. చిరునామాలో పేరు తర్వాత వచ్చే మార్గం, ప్రశ్నార్థకం తర్వాత వచ్చే క్వెరీ భాగం దాని దాకా రానే రావు. పాల్ మొకాపెట్రిస్ 1983లో రూపొందించిన ఈ వ్యవస్థకు నేటికీ ఆధారంగా ఉన్న ఆర్‌ఎఫ్‌సీ 1034, 1035 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలు 1987 నవంబరులో వెలువడ్డాయి. సీనేమ్ నిర్వచనం వాటిలోనే ఉంది. అప్పటికి వరల్డ్ వైడ్ వెబ్ ఇంకా పుట్టలేదు. వెబ్ అనేదే లేని రోజుల్లో నిర్వచించిన రికార్డు వెబ్ పేజీలను దారి మళ్లించగలదని ఆశించడం సరికాదన్న సంగతి ఈ ఒక్క వాస్తవంతోనే తేటపడుతుంది.

సీనేమ్ నిజంగా చేసేది ఇది. బ్లాగు.పాత.కామ్ ఎక్కడుందని అడిగినప్పుడు, దాని అసలు పేరు బ్లాగు.కొత్త.కామ్ కాబట్టి దాని ఐపీనే తీసుకోండి అని చెబుతుంది. ఈ మలుపు పేరు వెతికే దశలోనే జరిగి అక్కడే ముగుస్తుంది. బ్రౌజర్‌కు కావలసింది ఐపీ మాత్రమే కనుక, మధ్యలో ఎన్ని మారుపేర్లు వచ్చినా అది పట్టించుకోదు. ఐపీ దొరికాక ఆ యంత్రానికి కనెక్షన్ కలుపుకొని, తాను మొదట అడగదలచుకున్న పేరునే, అంటే బ్లాగు.పాత.కామ్‌నే, హోస్ట్ హెడర్‌లో (అభ్యర్థనతో పాటు వెళ్లే సమాచారపు పంక్తిలో) రాసి పంపుతుంది. ఒకే ఐపీ మీద అనేక సైట్లు నడవగలగడానికి ఆధారం ఈ హెడరే. బ్రౌజర్, వెబ్ సర్వర్ మాట్లాడుకునే పద్ధతిని చెప్పే హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం 1997లో వచ్చి దీన్ని తప్పనిసరి చేసింది. కొత్త సర్వర్‌కు ఆ పాత పేరు తెలియకపోతే, తన జాబితాలో అప్రమేయంగా ఎంచుకున్న సైటును చూపిస్తుంది. ఎంజినెక్స్, అపాచీ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్లలో వేరే ఏర్పాటు చేయనప్పుడు ఆ పోర్టుకు మొదట రాసిన విభాగమే ఆ పాత్ర తీసుకుంటుంది. సంబంధం లేని సైటు తెరుచుకోవడం వెనుక ఉన్న కథ ఇంతే.

మళ్లింపు అంటే వెబ్ సర్వర్ ఇచ్చే ఒక జవాబు. బ్రౌజర్ ఫలానా పేజీ కావాలని అడిగితే, సర్వర్ పేజీకి బదులు 301 వంటి ఒక స్టేటస్ కోడ్‌నూ, లొకేషన్ అనే హెడర్‌లో కొత్త చిరునామానూ పంపుతుంది. బ్రౌజర్ ఆ చిరునామాను తీసుకుని మొత్తం ప్రయాణాన్ని మళ్లీ మొదటి నుంచి, అంటే డీఎన్ఎస్ ప్రశ్న నుంచి, మొదలుపెడుతుంది. అడ్రస్ బార్‌లో పేరు మారేది అప్పుడే. కాబట్టి పాత పేరు మీద ఎవరో ఒకరు కూర్చుని జవాబు చెబుతూ ఉండాలి. జవాబు చెప్పేవారు లేని పేరు ఎవరినీ ఎక్కడికీ పంపలేదు. డీఎన్ఎస్ పాత పేరును మన అధీనంలో ఉన్న ఒక యంత్రం దాకా తీసుకొస్తుంది, అక్కడి నుంచి కొత్త పేరుకు పంపే పని ఆ యంత్రం మీద నడిచే వెబ్ సర్వర్‌ది. ఈ రెండూ కలిస్తేనే మళ్లింపు పూర్తవుతుంది.

రిజిస్ట్రార్లు (డొమైన్ పేర్లను నమోదు చేసే సంస్థలు) తమ డీఎన్ఎస్ పేజీలోనే ఫార్వర్డింగ్ అనే బటన్ ఇస్తారు కదా అన్న సందేహం ఇక్కడ రావచ్చు. ఆ బటన్ వెనుక ఉన్నది కూడా వెబ్ సర్వరే. పాత పేరును రిజిస్ట్రార్ తన సొంత సర్వర్ ఐపీకి చూపించి, అక్కడి నుంచి 301 (శాశ్వత మళ్లింపు) గానీ 302 (తాత్కాలిక మళ్లింపు) గానీ పంపుతాడు. ఒకటి రెండు పేర్లకు ఇది చక్కగా సరిపోతుంది, అయితే పాత పేరుకు హెచ్‌టీటీపీఎస్ (గుప్తీకరించిన హెచ్‌టీటీపీ) ఉందా, మార్గాన్ని యథాతథంగా కొత్త చిరునామాకు చేరవేస్తుందా అన్నవి ముందే చూసుకోవాలి. మాస్కింగ్ అనే పేరుతో ఇచ్చే సదుపాయాన్ని మాత్రం వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అది దారి మళ్లించదు, కొత్త సైటును పాత పేరు కింద ఒక ఫ్రేమ్‌లో బిగించి చూపిస్తుంది. దానివల్ల లోపలి పేజీల చిరునామాలు పాఠకుడికి కనిపించవు.

డీఎన్ఎస్ వైపు చేయవలసింది తక్కువే అయినా అందులో జాగ్రత్తలు ఉన్నాయి. పాత సబ్‌డొమైన్‌కు ‘ఏ’ (A) అనే రికార్డుతో ఐపీవీ4 చిరునామాను, ఏఏఏఏ రికార్డుతో ఐపీవీ6 చిరునామాను ఇవ్వవచ్చు, లేదా మళ్లింపు సర్వర్ పేరుకు సీనేమ్ పెట్టవచ్చు. ‘ఏ’ రికార్డును మార్చి ఏఏఏఏ రికార్డును మరచిపోతే, ఐపీవీ6 ఉన్న పాఠకులు పాత యంత్రానికే వెళుతూ ఉంటారు. పరీక్షించేవారి నెట్‌వర్క్‌లో ఐపీవీ6 లేకపోతే వారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. సీనేమ్ ఉన్న పేరుకు మరే ఇతర రికార్డూ ఉండకూడదన్న నియమం వల్ల, డొమైన్ నిర్వహణ వివరాలు చెప్పే ఎస్‌ఓఏ, దాని డీఎన్ఎస్ సర్వర్లను చెప్పే ఎన్ఎస్ రికార్డులు తప్పనిసరిగా ఉండే మూల డొమైన్‌కు, అంటే పాత.కామ్‌కు, సీనేమ్ పెట్టడం కుదరదు. కొన్ని డీఎన్ఎస్ సేవలు దీనికి ఏలియాస్ లాంటి ప్రత్యేక సదుపాయాలు ఇస్తాయి, కానీ అవి కూడా చివరికి ఐపీ చెప్పేవే. ఒక డొమైన్ కింద ఉన్న పేర్లన్నింటినీ ఒకేసారి మరొక డొమైన్‌కు ముడివేసే డీనేమ్ రికార్డు గురించి కూడా ఇదే మాట చెప్పాలి: అది సీనేమ్ లాంటి మారుపేర్లను గుంపుగా తయారుచేస్తుంది తప్ప బ్రౌజర్‌ను ఎక్కడికీ పంపదు.

పదుల కొద్దీ సబ్‌డొమైన్‌లు ఉన్నప్పుడు నక్షత్రం గుర్తుతో వైల్డ్‌కార్డ్ రికార్డు పెట్టడం సౌకర్యం. దీని ప్రవర్తన మాత్రం చాలామంది ఊహించిన దానికి భిన్నంగా ఉంటుంది. వైల్డ్‌కార్డ్ వర్తించేది అసలు ఉనికిలోనే లేని పేర్లకు మాత్రమే. ఒక పేరుకు ఏ రకం రికార్డు ఉన్నా ఆ పేరు ఉనికిలో ఉన్నట్టే, మెయిల్.పాత.కామ్‌కు ఎంఎక్స్ రికార్డు (ఈమెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేది) ఒక్కటే ఉంటే, దాని ఐపీ అడిగినప్పుడు వైల్డ్‌కార్డ్ ముందుకు రాదు, ఖాళీ జవాబే వస్తుంది. ఇంకా లోతైన చిక్కు ఒకటుంది. వైల్డ్‌కార్డ్ మీదే ఆధారపడి నడుస్తున్న బ్లాగు.పాత.కామ్‌కు సర్టిఫికెట్ తీసుకోవడానికి, ధ్రువీకరణ కోసం దాని కింద మరొక పేరుతో టీఎక్స్‌టీ (సాదా వచనాన్ని ఉంచే) రికార్డు పెడితే, ఆ క్షణం నుంచి బ్లాగు.పాత.కామ్ కూడా ఉనికిలోకి వచ్చినట్టే లెక్క. తనకంటూ రికార్డులేవీ లేకపోయినా తన కింద పేరు ఉంది కాబట్టి వైల్డ్‌కార్డ్ దానికి వర్తించడం మానేస్తుంది. నిన్నటి దాకా తెరుచుకున్న చిరునామా సర్టిఫికెట్ పని మొదలుపెట్టగానే మాయమైతే ముందుగా చూడవలసిన చోటు ఇదే. నియమాలన్నీ 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4592లో వివరంగా ఉన్నాయి.

ఇక వెబ్ సర్వర్ వైపు. ఎంజినెక్స్‌లో అయితే పాత పేర్లకు ఒక ప్రత్యేక సర్వర్ విభాగం రాసి, సర్వర్ నేమ్ ఆదేశంలో పాత సబ్‌డొమైన్ పేరు, రిటర్న్ ఆదేశంలో 301తో పాటు కొత్త చిరునామా ఇస్తే చాలు. ఎన్నో సబ్‌డొమైన్‌లను వాటి వాటి కొత్త జతలకు పంపాలంటే, సర్వర్ నేమ్‌లో టిల్డె గుర్తుతో మొదలయ్యే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (పదాలు సరిపోలాల్సిన నమూనా) రాసి, పాత.కామ్‌కు ముందున్న భాగాన్ని ఒక పేరుతో పట్టుకుని, రిటర్న్‌లో కొత్త.కామ్ ముందు దాన్నే తిరిగి వాడాలి. ఎంజినెక్స్ ముందు అచ్చంగా సరిపోయే పేరును, ఆ తర్వాత నక్షత్రం ఉన్న పేర్లను, అవేవీ సరిపోకపోతేనే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను చూస్తుంది. ఈ క్రమం మనకు ఎంతో మేలు చేస్తుంది, ఎందుకంటే అన్ని పేర్లకూ వర్తించే సాధారణ నియమం ఒకటి రాసి, వేరే చోటికి పోవలసిన రెండు మూడు పేర్లను పూర్తి పేరుతో విడిగా రాసుకోవచ్చు.

మార్గాన్ని కొత్త చిరునామాకు జతచేసేటప్పుడు రిక్వెస్ట్ యూఆర్ఐ అనే చరరాశినే వాడాలి. బ్రౌజర్ పంపిన మార్గం, క్వెరీ భాగంతో సహా, మార్పు లేకుండా అందులో ఉంటుంది. పేరు పొట్టిగా ఉందని యూఆర్ఐ అనే మరో చరరాశిని వాడితే క్వెరీ భాగం పోవడమే కాక, అది శాతం గుర్తులతో రాసిన అక్షరాలను విప్పేసిన రూపం కావడం వల్ల, ఎవరైనా చిరునామాలో కొత్త పంక్తి గుర్తులను దాచి పంపితే అవి నేరుగా జవాబు హెడర్లలోకి చొరబడతాయి. ఒక్క పదం తేడాతో సైటు భద్రతకే ఎసరు వచ్చే చోటు కాబట్టి దీన్ని నొక్కి చెబుతున్నాను.

అపాచీలో ఒక సబ్‌డొమైన్‌కు అయితే వర్చువల్ హోస్ట్ విభాగంలో రీడైరెక్ట్ ఆదేశం సరిపోతుంది, మార్గాన్ని అదే జతచేసుకుంటుంది. పర్మనెంట్ అన్న మాట రాయకపోతే అది 302నే పంపుతుందని గుర్తుంచుకోవాలి. అనేక సబ్‌డొమైన్‌లకు సర్వర్ ఏలియాస్‌లో నక్షత్రం వాడి, రీరైట్ కండిషన్‌లో హోస్ట్ పేరును పరీక్షించి, రీరైట్ రూల్‌లో కొత్త చిరునామా కట్టాలి. కండిషన్‌లో పట్టుకున్న భాగాన్ని రూల్‌లో శాతం గుర్తుతో పిలవాలి, డాలర్ గుర్తుతో కాదు. డాలర్ గుర్తు రూల్‌లోనే పట్టుకున్న భాగానికి చెందుతుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో చుక్క ముందు బ్యాక్‌స్లాష్ గుర్తు పెట్టకపోతే ఆ చుక్క ఏ అక్షరానికైనా సరిపోతుందన్నది ఈ రెండు సర్వర్లకూ వర్తించే జాగ్రత్త.

ఇంతవరకూ అన్నీ సరిగా ఉన్నా మళ్లింపు చాలాసార్లు ఆగిపోయేది సర్టిఫికెట్ దగ్గర. హెచ్‌టీటీపీఎస్ చిరునామా తెరిచినప్పుడు బ్రౌజర్ మొదట డీఎన్ఎస్ ద్వారా ఐపీ తెలుసుకుంటుంది, తర్వాత కనెక్షన్ కలుపుకొని గుప్తీకరణకు సంబంధించిన టీఎల్ఎస్ సంభాషణ పూర్తి చేస్తుంది, ఆ తర్వాతే పేజీ అడుగుతుంది. 301 అనే జవాబు వచ్చేది ఈ చివరి దశలో. టీఎల్ఎస్ దశలో సర్వర్ చూపే సర్టిఫికెట్‌లో బ్లాగు.పాత.కామ్ అనే పేరు లేకపోతే బ్రౌజర్ అక్కడే ఆగిపోయి హెచ్చరిక చూపిస్తుంది, సర్వర్ పంపదలచుకున్న 301 దాకా ప్రయాణం సాగదు. కొత్త పేరుకు సర్టిఫికెట్ ఉండటం దీనికి ఏ మాత్రమూ సాయపడదు. ఇక్కడి నుంచి వెళ్లిపోండి అని చెప్పడానికి కూడా పాత పేరు ముందుగా తన గుర్తింపును రుజువు చేసుకోవాలి.

కాబట్టి మళ్లింపు ఉన్నంతకాలం పాత పేరు సర్టిఫికెట్‌ను కూడా నవీకరిస్తూనే ఉండాలి. సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2018 నుంచి వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్లను కూడా ఉచితంగా ఇస్తోంది, అయితే వాటికి డీఎన్ఎస్‌లో టీఎక్స్‌టీ రికార్డు ద్వారానే ధ్రువీకరణ చేయాలి. సర్టిఫికెట్‌లోని నక్షత్రం ఒకే ఒక్క మెట్టుకు వర్తిస్తుంది: పాత.కామ్ కింద బ్లాగు అన్న పేరు అందులోకి వస్తుంది, బ్లాగు కింద మరో మెట్టు దిగితే రాదు. డీఎన్ఎస్‌లోని నక్షత్రం ఎన్ని మెట్లకైనా వర్తించగలదు. గుర్తు ఒకటే అయినా అర్థాలు రెండు కావడం వల్ల, లోతైన సబ్‌డొమైన్ ఒకటి సర్వర్ దాకా వచ్చి సర్టిఫికెట్ దగ్గర విఫలమవుతుంది.

పాత సైటు హెచ్ఎస్‌టీఎస్ హెడర్ పంపుతూ ఉండి ఉంటే ఈ విషయం మరింత గట్టిపడుతుంది. 2012 నవంబరు నాటి ఆర్‌ఎఫ్‌సీ 6797 నిర్వచించిన ఈ హెడర్‌ను చూసిన బ్రౌజర్, అందులో చెప్పిన కాలం పాటు ఆ పేరును హెచ్‌టీటీపీఎస్‌తోనే తెరుస్తుంది. సాధారణంగా వాడే 31536000 సెకన్లంటే ఒక సంవత్సరం. సబ్‌డొమైన్‌లను కూడా కలిపే మాట ఆ హెడర్‌లో ఉంటే, పాత.కామ్ కింద ఉన్న పేర్లన్నీ ఈ నియమంలోకి వస్తాయి. అప్పుడు సర్టిఫికెట్ లేకుండా సాదా హెచ్‌టీటీపీ పోర్టులో మాత్రమే మళ్లింపు పెట్టడం వల్ల ఉపయోగం ఉండదు. హెచ్చరికను దాటి ముందుకు వెళ్లే అవకాశాన్ని కూడా బ్రౌజర్ పాఠకుడికి ఇవ్వదు.

స్టేటస్ కోడ్‌ల ఎంపిక గురించి క్లుప్తంగా చెబితే చాలు. 301, 308 శాశ్వతమైనవి, 302, 307 తాత్కాలికమైనవి. 301, 302 వచ్చినప్పుడు బ్రౌజర్లు పోస్ట్ అభ్యర్థనను (సమాచారం పంపేదాన్ని) గెట్‌గా (పేజీ అడిగేదిగా) మార్చేస్తాయి, దాంతో పంపిన సమాచారం దారిలో పోతుంది. 307, 308 పద్ధతినీ సమాచారాన్నీ అలాగే ఉంచుతాయి. మనుషులు చదివే పేజీలకు 301 సరిపోతుంది, ప్రోగ్రాములు పిలిచే ఏపీఐ సబ్‌డొమైన్ అయితే 308 వాడాలి. అన్నింటికన్నా ముఖ్యమైనది, 301ను బ్రౌజర్లు దాచుకుంటాయి. తప్పు చిరునామాతో 301 పంపి, తర్వాత సర్వర్‌లో దిద్దుకున్నా, ఈలోగా వచ్చి వెళ్లినవారి బ్రౌజర్లు సర్వర్‌ను మళ్లీ అడగకుండానే తప్పు చోటికి వెళుతూ ఉండవచ్చు. అందువల్ల మొదట కొన్ని రోజులు 302తో నడిపి, అన్నీ సరిగా ఉన్నాయని తేలాకే 301కి మార్చడం నా పద్ధతి. డీఎన్ఎస్ రికార్డు టీటీఎల్ (జవాబును ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే గడువు) విషయంలోనూ ఇదే ముందుచూపు కావాలి: 86400 సెకన్లు ఉన్నదాన్ని 300కు తగ్గించదలిస్తే, మార్పుకు కనీసం ఒక రోజు ముందే తగ్గించాలి, ఎందుకంటే పాత టీటీఎల్‌తో దాచుకున్నవారు ఆ గడువు ముగిసేదాకా మళ్లీ అడగరు.

పేరు మారితే దాటి రానివి కొన్ని ఉన్నాయి. పాత.కామ్ పెట్టిన కుకీలను బ్రౌజర్ కొత్త.కామ్‌కు పంపదు కాబట్టి, లాగిన్ అయి ఉన్నవారందరూ మళ్లీ లాగిన్ కావలసి వస్తుంది. ఈమెయిల్‌కు వెబ్ మళ్లింపుతో ఏ సంబంధమూ లేదు. పాత పేరుతో ఉత్తరాలు అందాలంటే ఎంఎక్స్ రికార్డులను ముట్టుకోకూడదు. చిరునామా చివర హ్యాష్ గుర్తు తర్వాత వచ్చే భాగం సర్వర్‌కు చేరదు గానీ, లొకేషన్‌లో మరొకటి లేనప్పుడు బ్రౌజరే దాన్ని కొత్త చిరునామాకు అతికిస్తుంది కనుక దాని గురించి దిగులు అక్కర్లేదు.

పరీక్షించడానికి బ్రౌజర్ మంచి సాధనం కాదు, అది దాచుకున్న జవాబులనే చూపించవచ్చు. డీఎన్ఎస్‌ను అడిగి చూపే డిగ్ ఆదేశంతో పాత పేరుకు రెండు రకాల ఐపీలూ ఏం వస్తున్నాయో చూసి, ఆ తర్వాత వెబ్ సర్వర్‌కు అభ్యర్థన పంపే కర్ల్ ఆదేశంతో హెడర్లను మాత్రమే తెప్పించుకుని స్టేటస్ కోడ్‌నూ లొకేషన్‌నూ చదవాలి. హెచ్‌టీటీపీతో ఒకసారి, హెచ్‌టీటీపీఎస్‌తో ఒకసారి, మూల పేజీతో ఒకసారి, క్వెరీ భాగం ఉన్న లోపలి పేజీతో ఒకసారి చూడాలి. డీఎన్ఎస్ ఇంకా మార్చకముందే, ఫలానా పేరుకు ఫలానా ఐపీ అనుకో అని కర్ల్‌కు చెప్పే రిజాల్వ్ ఎంపికతో కొత్త ఏర్పాటును ముందుగానే పరీక్షించుకోవచ్చు, కాబట్టి పాఠకుల మీద ప్రయోగం చేయవలసిన అవసరం ఉండదు.

మళ్లింపును ఎంతకాలం ఉంచాలన్న ప్రశ్నకు, వీలైనంత కాలం, కనీసం ఒక సంవత్సరం అన్నది గూగుల్ సైటు యజమానులకు ఇచ్చే సలహా. ఇతరుల పేజీల్లోనూ, పాత ఉత్తరాల్లోనూ, అచ్చయిన కాగితాల్లోనూ ఉన్న లింకులను ఎవరూ దిద్దరు కనుక, పాత డొమైన్ రిజిస్ట్రేషన్‌ను అంతకన్నా చాలా ఎక్కువ కాలం నిలుపుకోవాలని నేను అంటాను. గడువు తీరనిచ్చి వదిలేసిన పేరును మరొకరు కొనుక్కుంటే, ఆ లింకులన్నీ వారి చేతికి పోతాయి. ఏదో ఒక రోజు ఒక సబ్‌డొమైన్‌ను నిజంగానే మూసివేయాలని నిర్ణయించుకుంటే, ముందు దాని డీఎన్ఎస్ రికార్డును తొలగించి, టీటీఎల్ గడువు దాటనిచ్చి, ఆ తర్వాతే అది చూపిస్తున్న సర్వర్‌ను గానీ క్లౌడ్ సేవను గానీ వదులుకోవాలి. వరుస తారుమారైతే, మనం ఖాళీ చేసిన చోటును ఇంకొకరు తమ పేరున తీసుకుని, ఇంకా అటే చూపిస్తున్న మన సీనేమ్ రికార్డు ఆధారంగా మన పేరు కిందే తమ పేజీలను నడపగలుగుతారు.